ఇత్తడి చేప

తిరుపతిలో పుట్టి పెరిగినవాడు సముద్రములోని చేపల వేటను గూర్చి ప్రసంగించుట వినువారికి వింతగా ఉండవచ్చును. మాకు కొండ కలదు, కోనేరు కలదు, వానకాలమున కొండమీదినుండి దూకు జలధారలు కలవు; సముద్రము మాత్రము లేదు. చిత్తూరు జిల్లా పటమునకు నీలిరంగు అంచు ఎక్కడను లేదని చిన్ననాట బడిలో నేర్చినవారము. అయితే 2022వ సంవత్సరము ఏప్రిల్ 4వ తేదీన జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు సూళ్లూరుపేట, వాకాడు మొదలగు ప్రాంతములు నెల్లూరు జిల్లానుండి విడివడి క్రొత్తగా ఏర్పడిన తిరుపతి జిల్లాలో చేరినవి. వానితోపాటు పులికాటు సరస్సులో ఆంధ్రదేశపు భాగమును, శ్రీహరికోటయు, దుగరాజపట్టణమును, తూపిలిపాళెమును మా జిల్లాకు సంక్రమించినవి. ఆ విధముగా కొండక్రింది పల్లెలవారమైన మేము ఒక్క దినములో సముద్రతీరవాసులమైతిమి.

ఆ తీరముతో నాకు అంతకు పూర్వమే ఒక పరిచయము కలదు. మాది ఇత్తడి పాత్రలు చేయు ఇల్లు. మా నాయన బిందెలు, చెంబులు, గరిటెలు కొట్టి జీవించినవాడు. నేను సుత్తిని విడిచి పుస్తకమును పట్టి, కళాశాలలో భౌతికశాస్త్రము బోధించి, విశ్రాంతి తీసికొంటిని. నాయొద్ద చదివినవారిలో వాకాడు దిక్కున ఒక పట్టపుపాళెమునుండి వచ్చిన యువకుడు ఒకడు. చదువు ముగిసిన పిమ్మట అతడు తండ్రి పడవనే చేపట్టినాడు. ఒకనాడు అతడు మా ఇంటికి వచ్చి, జేబులోనుండి తళతళలాడు లోహపు బిళ్ల నొకదానిని తీసి నా చేతిలో పెట్టెను. అది అరచేయి పొడవున, నడుమ కొంచెము పల్లముగా, పిడి లేని చెంచావలె ఉన్నది. ఒక కొనకు ఉంగరము, రెండవ కొనకు గాలము.

“కాశిమేడులో కొన్నాను అయ్యోరా. ఈ నెలలో మూడు పోయినాయి. ఒక్కోటి మూడువందలకు దగ్గర. చూస్తే మీ నాయన కొట్టే గరిటె మాదిరే ఉండాది. మనం చేసుకోలేమా?” అని అడిగెను.

ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుటకు నాకు ఏడాదికి పైగా పట్టినది. ఆ సమాధానమే ఈ ప్రసంగము.

ముందుగా ఆ వేట ఎట్టిదో చెప్పవలెను. పడవ సాగిపోవుచుండగా దాని వెనుక పొడవైన దారమునకు ఎరను కట్టి నీటిలో ఈడ్చుకొనిపోవుదురు. దీనిని ఇంగ్లీషువారు ట్రోలింగ్ అందురు. దీనికిని, సముద్రపు అడుగును ఊడ్చుకొనివచ్చు పెద్ద సంచివంటి వలతో చేయు ట్రాలింగ్ అను దానికిని మన పత్రికలలో తేడా కనబడదు. రెంటిని ఒకే మాటగా వ్రాయుచుందురు. పేరులో ఒక్క అక్షరమే తేడా అయినను పనిలో గల తేడా చాల పెద్దది. అడుగువల తనకు దొరకిన దాని నంతయు పట్టును. అందులో పిల్లచేపలు ఉండును, అమ్ముటకు పనికిరాని జీవులును ఉండును. ఈడ్పుగాలమునకు ఒక్క చేపయే వచ్చును. అదియు తానుగా వెంటాడి కరచిన చేప. చిన్నదైనచో గాలము తప్పించి తిరిగి విడువవచ్చును. నలిగిపోక, ప్రాణముతో పడవలోనికి వచ్చిన చేపకు బేరమును బాగుండును.

ఈ విధమున మన తీరములో చిక్కునవి ముఖ్యముగా వంజరము, సూర. ఉత్తరాంధ్రమున వంజరమునే కోనెము అందురు. రెండును వేగముగా పరుగెత్తు చేపలు, కవళ్లవంటి చిన్నచేపల గుంపులను తరిమి తినునవి. విశాఖపట్టణము తీరమున జాలరులు తెప్పలమీద పోయి సూరచేపను గాలములతోనే పట్టుట ప్రసిద్ధము. పులికాటులో మాత్రము ఈ వేట సాగదు. ఒరిస్సాలోని చిలకా తరువాత దేశములో అంత పెద్ద ఉప్పునీటి సరస్సు అదియే యైనను, లోతు చాల తక్కువ.

సజీవమైన ఎర ఉండగా లోహపు ఎర ఏల అని అడుగవచ్చును. నిజమైన చేపను గ్రుచ్చి గంటకు తొమ్మిది, పది కిలోమీటర్ల వేగమున ఈడ్చినచో అది కొంతసేపటికే చీలి, చిరిగి, గాలమునుండి ఊడిపోవును. ఎరకై ముందుగా మరొక వేట వేటాడవలెను. లోహమునకు ఈ బాధ లేదు. ఈ ఉపాయము ఏ ఒక్కరి సొత్తును కాదు. పసిఫిక్ ద్వీపవాసులు ముత్యపుచిప్పను చేపవలె అరగదీసి, దానికి ఎముకతోనో తాబేటి చిప్పతోనో చేసిన గాలమును కట్టి, ఏ ఎరయు గ్రుచ్చకయే పడవల వెనుక ఈడ్చి సూరజాతి చేపలను పట్టెడివారు. మన లక్షద్వీపములలోని మినికాయిలో గడకర్రల కొనలకు గాలము కట్టి సూరను పట్టుదురు. చిన్నచేపలను నీటిలో చల్లి సూరలను మత్తెక్కించిన తరువాత అవి మెరయుచున్న వట్టి గాలమునే కరచును. అమెరికాలో చెంచా ఎరకు 1852లో జూలియో బ్యూయెల్ అను నతడు పేటెంటు పొందెను. ఆతడు బాల్యమున వెర్మాంట్ లోని ఒక సరస్సుపై పడవలో భోజనము చేయుచు చెంచాను జారవిడిచెననియు, ఊగుచు మునుగుచున్న ఆ చెంచాను ఒక చేప పట్టుకొనిపోయెననియు కథ చెప్పుదురు. కథ నిజమో కాదో గాని, కథ చెప్పినవాడు నీటిలో పడిన చెంచాను శ్రద్ధగా చూచినవాడనుట నిశ్చయము. చెంచా రాయివలె నేరుగా మునుగదు. ఇటు ఒకసారి, అటు ఒకసారి జారుచు, ప్రతి జారుడుకు ఒకసారి మెరయుచు మునుగును.

ఆ సంగతి తెలిసియు నేను మొదట తప్పుదారినే పట్టితిని. ఇత్తడి ఇంట పుట్టినవానికి ఇత్తడి కనబడగానే నగిషీ జ్ఞప్తికి వచ్చును. మిల్లీమీటరు మందపు రేకును తొమ్మిది సెంటీమీటర్ల పొడవు, మూడు సెంటీమీటర్ల వెడల్పున కోడిగ్రుడ్డు ఆకారమున కత్తిరించితిని. పొడవు తొమ్మిది సెంటీమీటర్లు ఏల యనగా, అతడు తెచ్చి చూపిన కవళ్ల పొడవు ఇంచుమించు అంత. రేకును ఎర్రగా కాల్చి చల్లార్చితిని. అట్లు చేసినచో ఇత్తడి మెత్తబడును, సుత్తితో కొట్టిన కొలది మరల గట్టిపడును. చింతమొద్దులో చెక్కిన గుంటపై ఉంచి పల్లము తీసితిని. అటు తరువాత నాయన ఉలులను వెదకి తీసి, రెండు కండ్లు, నోరు, మొప్పలు, వరుసలు వరుసలుగా పొలుసులు చెక్కితిని. నాలుగు రోజులు పట్టినది. లోపలి వైపునకు కళాయి వేయించితిని.

కళాయి మాట వినగానే కొందరు శ్రోతలకు తమ బాల్యము జ్ఞప్తికి వచ్చియుండును. వీధిలో తిత్తి పెట్టి, పాత్రను కాల్చి, నవాసారము చల్లి, తగరపు కడ్డీని రుద్ది, ప్రత్తితో ఒక్క తుడుపు తుడిచినచో పాత్ర లోపలి భాగమంతయు వెన్నెలవలె తెల్లబడెడిది. తగరము 232 డిగ్రీల సెంటీగ్రేడు వద్దనే కరగును గనుక ఆ పని వీధిలోని బొగ్గుల కుంపటిమీద సాధ్యమైనది. కవళ్ల పక్కల తెలుపునకు ఆ తెలుపు చాల సమీపము. చేప పొలుసులక్రింద గ్వానిన్ అను పదార్థపు సన్నని పలకలు పొరలు పొరలుగా ఉండి అద్దమువలె వెలుగును త్రిప్పికొట్టును. అందువలన చేప వెండివలె కనబడును. వెలుపల పసుపు, లోపల తెలుపు ఉన్న నా ఎర అటునిటు ఊగినచో రెండు మెరుపులు మార్చి మార్చి వచ్చునని నా ఊహ. ఆ ఊహలో తప్పు లేదు. తప్పు మరొక చోట ఉన్నది.

పరీక్షకై పిచ్చాటూరు దాపున ఒక సాగునీటి కాలువకు పోయితిమి. నీరు నిలిచి ఎర కదలినను, ఎర నిలిచి నీరు కదలినను ఎరకు తాకు నీటి ఒరపిడి ఒక్కటే. కావున పడవ లేకయే కాలువలో ఎరను పరీక్షింపవచ్చునని నా భౌతికశాస్త్రము చెప్పెను. త్రోవలో నాగలాపురమున దిగి వేదనారాయణస్వామిని సేవించితిమి. అచ్చట స్వామి మత్స్యావతారమూర్తి. నడుముక్రింద చేప రూపము. కృష్ణదేవరాయలు తన తల్లి నాగమాంబ పేర వెలయించిన ఊరది. ప్రతి సంవత్సరము మార్చి మాసమున మూడు సాయంకాలములు అస్తమించు సూర్యుని కిరణములు గోపురద్వారమునుండి గర్భగుడిలోనికి సాగి, మొదటినాడు పాదములను, రెండవనాడు నాభిని, మూడవనాడు శిరస్సును తాకును. నా శిష్యుడు బయటికి వచ్చి చెప్పులు తొడుగుకొనుచు, “మనం పడవతో చేపను లాగతాం, ఆ కతలో చేపే పడవను లాగింది కదా అయ్యోరా” అనెను. ప్రళయజలములలో సత్యవ్రతుని ఓడను మత్స్యమూర్తి తన కొమ్మునకు కట్టించుకొని లాగిన వృత్తాంతము భాగవతము ఎనిమిదవ స్కంధములోనిది. నేను దానిని చిన్ననాటినుండి విన్నవాడనే. ఈ కోణమున ఎన్నడును చూడలేదు.

కాలువగట్టున ఇరువది మీటర్లు కొలిచి రెండు గుర్తులు పెట్టి, కొబ్బరిచిప్పను నీటిలో వదలి లెక్కించితిమి. ఇరువది సెకండ్లు పట్టెను. అనగా సెకండుకు ఒక మీటరు. వెదురుగడకు కట్టి దించిన నా ఇత్తడి చేప ఎంత చక్కగా ఈదెననుకొన్నారు! తల స్థిరముగా ఉండగా తోక ఇటునటు ఊగుచు, ఊగినప్పుడెల్ల తెలుపు, పసుపు మెరయుచు, నీటిలో ప్రాణమున్నదానివలె కదలినది. గట్టున ఆడుకొనుచున్న పిల్లలు గుమిగూడిరి. ఆ సాయంకాలము నేను ఎంతో గర్వముతో ఇల్లు చేరితిని.

ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు తూర్పుతీరమున యంత్రపు పడవల వేటకు నిషేధము. అరువదియొక్క రోజులు పడవ ఒడ్డున ఉండును. ఇల్లు మాత్రము గడువవలెను. నిషేధము తీరిన తరువాతి మొదటి వారము ఆ ఇండ్లకు ఎంత ముఖ్యమో ఊహింపవచ్చును. ఆ వారములోనే ఒకనాడు నలుగురు మనుష్యులు నా ఎరలను రెంటిని తీసికొని బయలుదేరిరి. నేను ఒడ్డుననే ఉండిపోతిని. ఎంతకును ఓర్చలేక ఆ తూపిలిపాళెపు ఇసుకలో అటునిటు తిరిగితిని. మధ్యాహ్నమునకే పడవ తిరిగివచ్చెను. అంత త్వరగా వచ్చినదనగా శుభము కాదని నాకు అర్థమైనది.

జరిగినదేమనగా, పడవ మెల్లగా పోవునంతసేపు ఎర కాలువలో ఈదినట్లే ఈదినది. ఇంజను వేగము పెంచగానే ఊగుట మాని, గిరగిర తిరుగ నారంభించినది. తిరుగుచు తిరుగుచు దారమునకు పురి ఎక్కించినది. ఉంగరము వద్ద పురి విప్పుటకు ఉంచిన తిరుగుడు కొలికి ఆ వేగమునకు చాలలేదు. పడవ మలుపు తిరిగి దారము సడలగానే పురియెక్కిన నైలాను ముద్దగా చుట్టుకొని, రెండవ దారముతో పెనవేసికొన్నది. విప్పుట సాధ్యము కాక అరువది మీటర్ల దారమును కోసి పారవేసినారు. వారిలో ఎవరికిని జీతము లేదు. వచ్చిన చేపను అమ్మి, ఇంధనపు ఖర్చు తీసివేసిన తరువాత మిగిలినదే పంపకము. ఆనాడు పంపకమునకు ఏమియు లేదు. నేను ఇంధనపు సొమ్ము ఇయ్యబోగా వారిలో పెద్దవాడు చేతులు వెనుకకు పెట్టుకొని, “వద్దు సామీ. చూసేదానికి మాత్రం సామి మాదిరే ఉండాది మీ చేప” అనెను. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. అందుచేతనే అది నాకు ఎక్కువ బాధ కలిగించినది.

ఇంటికి వచ్చి, విద్యార్థులకు ముప్పది సంవత్సరములు చెప్పిన లెక్కను నాకే చెప్పుకొంటిని. అతని పడవ వేటలో పోవు వేగము అయిదు నాట్లు. నాట్ అనగా గంటకు 1.852 కిలోమీటర్లు గనుక, అది సెకండుకు రెండున్నర మీటర్ల పైచిలుకు. నా కాలువ వేగము ఒక్క మీటరు. నీటి తాకిడి వేగమును బట్టి కాక వేగపు వర్గమును బట్టి పెరుగును. రెండున్నర రెట్ల వేగమునకు తాకిడి ఆరు రెట్లు దాటును. నీరు నిలిచినను కదలినను ఒక్కటే యని పెద్దగా చెప్పినవాడను, ఎంత వేగమున కదలవలెనో అడుగుట మరచితిని.

మెల్లగా పోవచ్చును గదా యని శిష్యుని అడిగితిని. పోరాదు. వంజరమునకు ఆలోచించుకొను వ్యవధి ఇచ్చినచో అది ఎరను పరికించి చూచి విడిచిపెట్టును; తప్పించుకొని పోవుచున్నదానిని చూచినప్పుడే దూకి పట్టును. అదిగాక పూటకు ఎంత ఎక్కువ సముద్రమును దాటినచో అంత ఎక్కువ చేపలకు ఎర కనబడును. కావున వేగము పడవ నిర్ణయించునది, చేప నిర్ణయించునది. ఎర చేయువాడు నిర్ణయించునది కాదు. రూపము, బరువు, మెరుపు అన్నియు ఆ వేగమునకు లోబడి ఉండవలెను. నేను మెరుపునుండి మొదలుపెట్టి వేగమువరకు రానే లేదు.

లోహపు రేకు నీటిలో ఏల ఊగును? ధ్వజస్తంభమున కట్టిన పటము నిలకడగా వీచు గాలిలో సైతము అలలు అలలుగా ఎగురును. గాలి దాని అంచులు దాటునప్పుడు ఒకసారి ఈ వైపున, ఒకసారి ఆ వైపున సుడులు విడిచిపోవును. సుడి పుట్టిన వైపునకు పటము లాగబడును. నీటిలో చెంచాకును ఇట్లే జరుగును. చెట్టునుండి రాలిన బాదమాకును చూడుడు. అది కొంతసేపు ఊయలవలె ఇటునటు ఊగుచు దిగును. ఒక్కొక్కప్పుడు ఊగుట మాని పల్టీలు కొట్టుచు దిగును. కాగితపు ముక్కలు పల్టీలు కొట్టుచు పడుటను గూర్చి మహాశాస్త్రజ్ఞుడు మాక్స్‌వెల్ 1854లోనే ఒక వ్యాసము ప్రకటించెను. ఊగుటయా, పల్టీ కొట్టుటయా అనునది వస్తువు బరువు, వెడల్పు, వేగముల పొందికను బట్టి తేలును. ఎర చేయువాని విద్య అంతయు ఆ రెంటి నడుమ ఉన్న సన్నని గట్టుమీద నడచుటయే. ఊగనిచో చేప చూడదు. పల్టీ కొట్టినచో దారము పురియెక్కును.

నా మొదటి ఎర వెడల్పు ఎక్కువ, పల్లము లోతు, బరువు తక్కువ. మూడు సెంటీమీటర్ల వెడల్పు, మిల్లీమీటరు మందము గల ఆ రేకు తూకము పదునెనిమిది గ్రాములు. దాని పల్లము గరిటెవలె నీటిని పట్టుకొన్నది. వేగము పెరుగగానే పట్టుకొన్న నీరే దానిని బోర్ల త్రిప్పినది. రెండవ రూపమున వెడల్పు రెండు సెంటీమీటర్లకు తగ్గించి, మందమును రెండు మిల్లీమీటర్లకు పెంచితిని. పొడవు మారలేదు. రేకు సన్నబడియు తూకము ఇరువదినాలుగు గ్రాములకు పెరిగెను. పల్లమును ఎనిమిది మిల్లీమీటర్లనుండి మూడింటికి తగ్గించి, దాని లోతైన చోటును నడుమనుండి తోక వైపునకు జరిపితిని. తల వైపున రేకును పల్లమునకు ఎదురుగా రవంత వంచితిని. ప్రక్కనుండి చూచినచో సాగదీసిన పామువంపు కనబడును. ఈ వంపు ఊగుటను రప్పించును, బరువు దానిని హద్దులో ఉంచును. అల్యూమినియముతో ఏల చేయరాదని కొందరు అడిగిరి. అదే కొలతలకు అల్యూమినియము తూకము ఎనిమిది గ్రాములకు మించదు. ఈ వేగమున నీటిపైకి లేచి ఎగిరెగిరి పడును.

ఈసారి కాలువకు పోలేదు. అతడు వేరొక పనిమీద పడవ తీసినప్పుడు రెండు నిమిషములు ప్రక్కన పట్టి చూచుటకు ఏర్పాటు చేసికొంటిమి. మూడు రేకులు తిరిగినవి. నాలుగవది అయిదు నాట్ల వద్ద ఊగినది, ఆరున్నర వద్ద తిరిగినది. చాలుననుకొంటిమి. ఏ ఎరకైనను పై హద్దు ఒకటి ఉండి తీరును.

పొలుసుల విషయము చెప్పవలెను. ఆ చెక్కుడు పనివలన చేపకు కలిగిన ఆకర్షణ ఏమియు లేదు. అంత వేగమున ఊగుచున్న వస్తువుపై కన్ను, మొప్ప, పొలుసు గుర్తించు తీరిక దానికి ఉండదు. అది చూచునది వెలుగు మినుకుటను; దానితోపాటు తన ప్రక్కల పొడవునను ఉన్న పార్శ్వరేఖ అను అవయవముచే నీటి కంపమును తెలిసికొనును. రంగులను గూర్చి అంగడులలో చాల చెప్పుదురు గాని, నీటిలో మొట్టమొదట అణగిపోవునది ఎరుపే. లోతు పెరిగిన కొలది అది నలుపుగా కనబడును. నా కళాయి తెలుపు పనికి వచ్చినది. నాయన నేర్పిన మరొక పనియు పనికి వచ్చినది, నేను ఊహింపని విధమున: బిందె పైభాగమున గుండ్రని సుత్తితో కొట్టు చిన్న చిన్న దెబ్బల గుంటలు. ఒక్కొక్క గుంట ఒక్కొక్క దిక్కునకు వెలుగును చిమ్మును గనుక, ఎర ఏ వైపునకు ఒరిగినను ఏదో ఒక గుంట మెరయును. నాలుగు రోజుల నగిషీ వ్యర్థమైనది. పది నిమిషముల సుత్తిదెబ్బలు ఫలించినవి. నగిషీ చెక్కిన ఆ మొదటి చేపను దేవుని గూటిలో ఉంచితిమి. అచ్చట అది ఎవరి దారమునకును పురి ఎక్కింపదు.

క్రొత్త ఎరకు మూడవ రోజున ఒక వంజరము చిక్కినది. ఏడవ రోజున పెద్ద చేప ఒకటి కరచి, పడవ ప్రక్కకు వచ్చి, గాలము విరుగుటచే పోయినది. విరిగిన ముక్కను తెచ్చి చూపినాడు. ఉంగరమును తాకిన చోట ఇనుము తినివేయబడి సూదివలె సన్నబడినది. ఇది నేను ముందే ఊహింపవలసిన విషయము. ఉప్పునీటిలో రెండు వేరు లోహములు ఒకదాని నొకటి తాకినచో అది వోల్టా చేసిన విద్యుత్ ఘటము వంటిదే అగును. ఇత్తడి, ఇనుము కలిసినప్పుడు ఇనుము కరగి ఇత్తడిని కాపాడును. పెద్ద ఇత్తడి రేకునకు చిన్న ఇనుప గాలమును కట్టుటవలన ఆ తినుట మరింత తొందరగా సాగినది. ఇప్పుడు ఉంగరము, గాలము రెండును తుప్పుపట్టని ఉక్కువి వాడుచున్నాము. అప్పుడు తినబడుట ఇత్తడివంతు అగును. కాని తినబడునది పెద్దది, తిను లోహము చిన్నది గనుక నష్టము మెల్లగా జరుగును. వేట ముగియగానే మంచినీటిలో కడిగి ఆరబెట్టవలెను. మసకబారిన ఇత్తడికి మన వంటింటి చింతపండును మించిన మందు లేదు. ఆ పాళెములో ఇప్పుడు చేపల పులుసులో వేయగా మిగిలిన చింతపండు పిప్పి ఎరలకు పోవుచున్నది.

గాలమును గూర్చి ఇంకొక మాట. మూడు కొనల గాలము కన్న ఒంటి కొన గాలమే మేలని అతని అనుభవము. ఎర ఊగుటకు అది తక్కువ అడ్డు, ఊగుచున్న పడవలో చేతికి గ్రుచ్చుకొను భయము తక్కువ, చిన్నచేపను గాయపరుపక విడువవచ్చును. వంజరపు పండ్లు కత్తెరవంటివి గనుక ఎరకు, నైలాను దారమునకు నడుమ జానెడు పైచిలుకు ఉక్కుతీగె తప్పదు. ఎరను పడవకు ఇరువదియైదు, ముప్పది మీటర్లు వెనుక, చక్రపు నురుగు దాటిన తేటనీటిలో ఉంచవలెను. రెండు ప్రక్కల వెదురుగడలు చాపి, ఒక దారము పొట్టిగా, ఒకటి పొడవుగా విడిచినచో మలుపులో పెనవేసికొనవు. ఈ సంగతులలో ఒక్కటియు నేను చెప్పినది కాదు. అన్నియు అతడు నాకు చెప్పినవే.

ఇక ఖర్చు మాట. రేకు, కళాయి, ఉంగరము, గాలము కలిసి అంగడి ఎర వెలలో మూడవవంతునకు లోపల తేలుచున్నది, నా కూలి లెక్కింపకుండిన. లెక్కించినచో రెండును ఒక్కటే యగునని మా ఇంటివారు అందురు. అది నిజమే. అందుచేత కొలతలను, పల్లము తీయు చింతమొద్దును అతనికే ఇచ్చివేసితిని. నిషేధకాలమున ఒడ్డున ఊరక కూర్చుండు అరువదియొక్క రోజులలో రేకులు కొట్టుట అతడును, అతని తమ్ముడును నేర్చుకొనుచున్నారు. తమ్ముని చేయి మంచిది. సుత్తి పట్టిన తీరు చూచినచో ఇత్తడి ఇంట పుట్టినవాడనుకొందురు.

మొదట చేసిన నాలుగు మంచి ఎరలలో రెండు ఇంకను పడవలో ఉన్నవి. ఒకటి అడుగున కొట్టుకొనివచ్చిన పాతవలకు తగులుకొని పోయినది. నాలుగవదానిని మొన్న ఏదో పెద్ద చేప ఉక్కుతీగెతో సహా త్రెంచుకొని పోయినది. తీగెను దారమునకు కట్టిన ముడి జారినదని అతడనుచున్నాడు. తీగె పలుచనైనదని నేను అనుచున్నాను. వచ్చే ఆదివారము కొంచెము లావైన తీగెను తీసికొని తూపిలిపాళెమునకు పోవుచున్నాను.